డాక్టరుకు ప్రార్థన చేసి చెప్తానన్నాను

అమీర్‌పేటలో నా గొంతు ఎరగనివాళ్ళు లేరు. నేను కంప్యూటర్ కోర్సు చెబుతుంటే పక్క బిల్డింగులో కూర్చున్నవాళ్ళు ఫీజు కట్టకుండా నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నారని మా వీధిలో ఒక వదంతి. పుట్టించింది నేనే. అంతటి గొంతు మొన్న ఎండాకాలంలో బొంగురుపోయింది. మిరియాల పాలు తాగాను. కరక్కాయ బుగ్గన పెట్టుకుని క్లాసులో సగం తెలుగు, సగం కరక్కాయ మాట్లాడాను. వానలొచ్చాయి గానీ గొంతు రాలేదు. ఎవర్నీ అడక్కుండా నా పనులు నేనే చక్కబెట్టుకునే మనిషిని. జబ్బునీ అలాగే చక్కబెడదామనుకున్నాను.

చివరికి మా ఆవిడ పంజాగుట్టలో గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నా ముక్కులోంచి ఒక కెమెరా గొట్టం పంపారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వేసిన మెట్రో లైను కూడా అంత పొడవుండదు. తెర మీద నా స్వరపేటిక కనబడింది. ఇన్నేళ్ళు మాకు తిండి పెట్టింది ఇదేనా అని గౌరవంగా చూస్తుండగా, డాక్టరు వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ చిన్న గడ్డలాంటిది ఉందండీ. తీసి పరీక్షకు పంపాలి. ఎప్పుడు చేద్దాం?"

నా కాళ్ళలోంచి ఎముకలు జారి చెప్పుల్లో పడ్డాయి. అడగాల్సిన ప్రశ్న ఒకటే. కానీ ఆ జబ్బు పేరు నా నోటితో అంటే, పిలిచారా అంటూ అదే వచ్చేస్తుందని భయం.

"ప్రార్థన చేసి చెప్తానండీ" అన్నాను.

మా సంఘంలో ఈ మాట సంగతి అందరికీ తెలుసు. నచ్చని సంబంధం వస్తే ప్రార్థన చేసి చెప్తామంటాం. చర్చి కమిటీలో చేరమన్నా అంతే. ఇక వాళ్ళు మళ్ళీ అడగరు. పాపం డాక్టరుగారు హిందువు, మా సంప్రదాయం తెలియదు. "తప్పకుండా చేసుకోండి. రేపు ఫోన్ చేయండి" అన్నారు, నిజంగా నమ్మి.

ఆటో ఎక్కగానే మా ఆవిడ అందుకుంది. "ఏమండీ, దేనికి ప్రార్థన?"

"దేవుడి చిత్తం తెలియాలి కదా."

"దేవుడే గొంతులోకి లైటేసి మరీ చూపించాడు. ఇంకేం, ఫ్లైఓవర్ మీద బోర్డు కూడా కట్టాలా?"

"నీకు విశ్వాసం లేదు."

"మీకుంది మరి! అందుకే ఆ కడ్డీ పట్టుకుని వణుకుతున్నారు."

నా వణుకు ఇంజన్‌దేమో అనుకుని డ్రైవరు బండి ఆపి చూశాడు.

ఇంటికి రాగానే మా పాస్టరుగారికి ఫోన్ చేశాను. నాకంటే పెద్దాయన. 'కత్తి ఎందుకు, విశ్వసించు' అంటారని గంపెడాశ. అప్పుడు డాక్టరుకు దేవుణ్ణీ, దేవుడికి పాస్టరునీ అడ్డం పెట్టి నేను మంచం కింద దూరొచ్చు.

"బ్రదర్, నేను పొద్దుగాల షుగర్ బిళ్ళ ఏసుకొనే వాక్యం చెప్పనీకి నిలబడ్త. గా బిళ్ళ దేవుడియ్యలేదంటవా?"

"అది కాదు అయ్యగారూ, పూర్తిగా ఆయన మీదే ఆనుకుందామని..."

"ఆనుకుంటున్నవా, ఆయనెనక దాక్కుంటున్నవా? జర చూస్కో. భయమైతుందా?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"గదే ఆయనకు చెప్పు. ఏ రోజు పోతవో డాక్టర్‌కు సుత చెప్పు."

ఆదివారం నాకు ప్రార్థన అప్పగిస్తే, దేశాధినేతలతో మొదలుపెట్టి సరిహద్దులూ, వర్షాలూ, ఎర్రమంజిల్ ఆఫీసుల్లో మావాళ్ళ బదిలీలూ చుట్టి వచ్చేసరికి పిల్లలు ఒక నిద్ర తీసి లేస్తారు. ఆ రోజు మోకరిస్తే "ప్రభువా, భయమేస్తోంది" దగ్గరే ఆగిపోయింది. లేచాక భయం తగ్గిందని సాక్ష్యం చెప్పలేను. తగ్గలేదు. ఆ వణుకుతోనే డాక్టరుకు ఫోన్ చేసి, సోమవారం వస్తానన్నాను.

సోమవారం స్ట్రెచర్ తెచ్చారు. నేనే నడుస్తానన్నాను. కుదరదన్నారు. ఊరేగింపులో బొమ్మలా వెల్లకిలా పడుకుని, పైకప్పు లైట్లు చూసుకుంటూ, ఎవరో తోస్తే వెళ్ళాను. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర మళ్ళీ ఆ రెండు మాటలే అన్నాను. మూడోది రాలేదు.

గడ్డ తీశారు. వారం దాకా గుసగుస కూడా వద్దన్నారు. పరీక్ష రిపోర్టు రేపు వస్తుంది.

మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ నాదే. ఇందాక మా ఆవిడ చేసింది. "ప్రభువా, రేపు రిపోర్టు. ఈయన ధైర్యంగా ఉన్నట్టు నటిస్తున్నారు. నాకు అది కూడా చేతకావట్లేదు. మా దగ్గరుండు. ఆమేన్."

ఉలిక్కిపడి చూశాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో భయమంతా నేనే పడుతున్నాననుకున్నాను. ఏదైనా అందామంటే గొంతు లేదు. శబ్దం రాకుండా ఆమేన్ అని పెదాలు కదిపాను.

పప్పు వడ్డించడానికి వంగింది. గరిటె గిన్నె అంచుకు తగిలి టకటకమంటూనే ఉంది. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. రెండు చేతులూ కలిపితే చప్పుడు ఇంకొంచెం పెరిగింది.