జీపుకు దూప కాలేదు

మా ఆయన ఉట్నూర్‌లో నడిపే ప్యాసింజర్ జీపుకు ఈ రోజు పెద్ద రేడియేటర్ బిగించారు. ఘాట్ ఎక్కినప్పుడల్లా ఇంజిన్ మరిగిపోయి, సగంలో ఆగి నీళ్లు పోయాల్సి వచ్చేది. ఈసారీ మరిగితే జీపు అమ్మేస్తానన్నారు. నేను ముందు సీట్లో కూర్చుని, వేడి చూపే ముల్లు వైపే చూస్తూ మొక్కుకున్నాను. ముల్లు ఎరుపు దాకా పోలేదు!

ఎప్పుడూ ఆగి ఊట నీళ్లు పట్టుకునే మలుపు రాగానే వెనక నుంచి ఒక ముసలవ్వ అరిచింది.

"ఆపు బిడ్డా! బండికి నీళ్లు పొయ్యవా?"

"ఇయ్యాల దానికి దూప గాలే అవ్వా," అన్నారు మా ఆయన గర్వంగా.

"దానికి గాకుంటే మాకు గాదా? గా ఊట కాడ ఆపు!"

జీపంతా నవ్వింది. నలుగురిలో నోరు విప్పని నేనూ పైకే నవ్వేశాను. ఇన్నాళ్లూ జీపు ఆగితే మేం దిగేవాళ్లం. ఈ రోజు మేం దిగుతామంటే అది ఆగింది. మీరైతే ఆపకుండా పోయేవారా, చెప్పండి?