జోడు మందు

మా ఆయన రక్తం పాడైందని తెలిసిన ఏడాదే నాకు నందిగామ ఆవిడ పరిచయమైంది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. మాది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. వాళ్లాయన బడిపంతులు. ఇద్దరు మగాళ్లదీ ఒకటే రక్తం క్యాన్సర్, ఒకటే హైదరాబాదు ఆస్పత్రి. రక్తంలో ఏదో జన్యువు మారిందట, మామూలు మందుకి లొంగదట. ఆ జన్యువుకే గురిపెట్టిన కొత్త మాత్రని కొందరికి ఒక్కటే ఇచ్చి, కొందరికి ఇంకో మాత్రతో కలిపి ఇచ్చి పరీక్ష చేస్తున్నారు. ఎవరికి ఏదన్నది కంప్యూటర్ తేలుస్తుంది. మాకు ఒంటి మందు వచ్చింది. వాళ్లకి జోడు మందు.

కుళ్లుకున్నాను. దాచడమెందుకు? నెలనెలా ఆవిడ నందిగామలో బస్సెక్కి, మాకోసం చేతిరుమాలు వేసి సీటు ఆపేది. ఆ సీట్లోనే కూర్చుని వాళ్లాయన ముఖం చూసేదాన్ని. నిండుతోంది. మా ఆయనకేమో చొక్కాలు వదులవుతున్నాయి. "ఇవాళ రెండిడ్లీలు ఎక్కువ తిన్నారక్కా" అని ఆవిడ సంబరంగా చెబితే, తినడూ మరి, జోడు మందాయె, అని లోపల పళ్లు నూరుకునేదాన్ని.

ఒకసారి బస్సులో నా చెవి దగ్గరకొచ్చింది. "ఎవరికీ చెప్పమాకండక్కా. ఈయన కళ్లు పచ్చబడ్డాయి. వీరులపాడు దగ్గర ఒకాయన చేత కామెర్లకి పసరు పోయిస్తున్నా. ఆస్పత్రిలో తెలిస్తే జోడు మందు తీసేస్తారు."

తీసేస్తారు! నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఖాళీ అయితే మాకే రావాలి కదా, పక్కనున్నది మేమే కదా అనుకున్నాను. ఆస్పత్రిలో నర్సు "వేరే మందులేమన్నా వాడుతున్నారా?" అని అడిగితే ఆవిడ లేదండీ అంది. నేను నర్సు వెనకే వెళ్లి పసరు సంగతి చెప్పేశాను. "మరి ఆ మందు మా ఆయనకిస్తారా అండీ?" అని కూడా అడిగాను.

నర్సు నా వంక అదోలా చూసింది. "అలా మార్చరమ్మా. మీకొచ్చిందే మీది."

వాళ్లాయన్ని ఆ పూటే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. పసరూ మాత్రలూ కలిసి కాలేయాన్ని తినేస్తున్నాయట. ఇంకో వారం పోయించి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. పసరు మాన్పించి, కాలేయం కుదుటపడ్డాక మళ్లీ జోడు మందే మొదలుపెట్టారు.

మా ఆయన ఆ ఎండాకాలం దాటలేదు.

పదకొండో రోజున వాళ్లిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆయన మెట్లు తనంతట తనే ఎక్కాడు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, అందరూ వింటుండగా, "మీరు చెప్పబట్టే ఈయన బతికారక్కా. రోజూ ప్రార్థనలో ముందు మిమ్మల్నే తలుచుకుంటున్నా" అంది.

మా అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, "మా కోడలి మనసు అలాంటిదమ్మా" అంది.

ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆయన మంచినీళ్లు తాగుతున్నాడు, గటగటా, గ్లాసుడూ. మా ఆయన చివరి వారం చెంచాడు కూడా మింగలేకపోయాడు. అంతమందిలో, ఆవిడ చేతుల్లో నా చేతులుండగానే, నాకు అనిపించింది ఒకటే. ఆ రోజు నర్సుకి చెప్పకుండా ఉండాల్సింది.