లచ్చన్న చివరి కూత

పదకొండేళ్లు, తొమ్మిది టీములు. గల్ఫ్‌లో లచ్చన్న కబడ్డీ బతుకంతా ఇంతే. కూలీల క్యాంపుల్లో పద్ధతొకటుంది: ఏ క్యాంపులో పడుకుంటే ఆ క్యాంపుకే ఆడాలి. అందుకని ఆటపిచ్చి ఉన్న మేనేజర్లు ఆటగాళ్లను కూలీల్లో కలిపి తెచ్చుకుంటారు, పోటీలు ముగియగానే పొమ్మంటారు. లచ్చన్న జెబెల్ అలీలో పైపులు మోశాడు, ముసఫ్ఫాలో లారీలు కడిగాడు, ఐకాడ్‌లో ఇనుము గీకాడు. టీము దొరకని ఏళ్లు పోగా, ఒక్క టీమైనా రెండో ఏడు ఉంచుకుంటే ఒట్టు! ఒంటిమీది జెర్సీ కూడా ముందు వెళ్లిపోయినవాడిదే, వీపున ఇంకెవరి పేరో. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అన్నారా?

ముసఫ్ఫాలో ఉన్నప్పుడే, 2020లో, కరోనా పట్టుకుంది. గదిలో అందరూ తలో దిక్కుకూ పోతే పక్క మంచం భూమేశ్ ఒక్కడే మిగిలాడు. జగిత్యాల వైపు పిల్లగాడు. గంజి తాగించాడు, వీపు రుద్దాడు, లచ్చన్న ఛాతీలో లేచే ఈల వింటూ కూర్చున్నాడు. జబ్బు పోయింది గానీ ఈల పోలేదు. లచ్చన్న ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దమ్ములేని కూతగాడిని ఎవడు పెట్టుకుంటాడు?

నాలుగేళ్లకు ఐకాడ్ క్యాంపు ఫైనల్‌కు చేరింది. ఎదుట ముసఫ్ఫా టీము, అందులో భూమేశ్. మేనేజర్ ఫకీర్ సాహెబ్ ముందే తేల్చేశాడు.

"గెలిపియ్యి లచ్చన్నా, ఇగ నువ్వు మా టీముల పర్మనెంట్. జెర్సీ మీద నీ పేరే. ఓడితే ఖలాస్."

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఆ అరువు జెర్సీ తగిలించుకుని బరిలోకి దిగాడు.

స్కోరు ఇరవై ఏడు, ఇరవై ఏడు. ఆఖరి కూత లచ్చన్నదే. "కబడ్డీ కబడ్డీ" అంటూ లోపలికి దూకాడు. తిరిగేలోపు భూమేశ్ చీలమండ దొరకబుచ్చుకున్నాడు. భూమేశ్ పట్టంటే ఉడుంపట్టే, ఇంతవరకు విడిపించుకున్నవాడు లేడు. లచ్చన్న ఇసుకలో పాకాడు. నడిగీత జానెడు దూరంలో ఉంది. కూత సన్నబడింది, ఛాతీలో ఈల లేచింది. ఉన్నట్టుండి కాలి మీద పట్టు వదులైంది. చెయ్యి గీతను తాకింది.

అబ్బ, ఆ కేకలు! లచ్చన్నను భుజాల మీద ఊరేగించారు. అన్నమాట ప్రకారం ఫకీర్ సాహెబ్ కొత్త జెర్సీ కుట్టించాడు. వీపు మీద పెద్ద అక్షరాలతో లచ్చన్న. దాన్ని పట్టుకుని లచ్చన్న ఆ ఆదివారమే ముసఫ్ఫాకు బస్సెక్కాడు.

"ఎందుకిడిచిపెట్టినవ్‌రా?"

భూమేశ్ తల వంచుకున్నాడు. "చెయ్యి జారిందన్నా."

"నాకే చెప్తున్నవారా? నీ పట్టు నాకెరుక లేదా?"

"ఆ ఈల ఇనవడ్డదన్నా. మల్ల గా గదిల కూసున్నట్టే అనిపిచ్చింది. సచ్చిపోతవేమోనని భయమైంది."

లచ్చన్న కళ్లు నిండిపోయాయి. కప్పు కంటే, పేరు కంటే తమ్ముడిలాంటి ఈ వెర్రివాడు ఎక్కువేనని తెలుసు. అయినా అక్కసు తీరలేదు.

"పదకొండేండ్లల్ల మస్తు ఓడిన," అన్నాడు. "ఒక్కటన్న గెలిచిన అనుకున్న గదరా."

జెర్సీని భూమేశ్ మంచం మీద పెట్టేసి బస్సు కోసం బయటికి నడిచాడు. మళ్లీ ఏ క్యాంపులోనూ కూతకు దిగలేదు.