బురుజు తాళంచెవి ఇష్బెల్ దగ్గర

స్కాట్లాండు తీరంలోని మా ఇన్వర్‌డారీలో చూడదగ్గవి మూడున్నాయి. సముద్రం ఒడ్డున పాత కోటలో మిగిలిన ఒంటి బురుజు, లైబ్రరీ మేడ మీద మంగళ, శనివారాల్లో మాత్రమే తెరిచే మ్యూజియం గది, చర్చి గోడలో పొదిగిన చేప బొమ్మ రాయి. నాలుగోది టూరిస్టు బస్సులు ఆగే మరుగుదొడ్డి. నిజం చెప్పాలంటే ఎక్కువమంది చూసి వెళ్ళేది దాన్నే.

బురుజు తలుపుకి ఒక చెక్క పలక కొట్టి ఉంటుంది. "తాళంచెవి మిసెస్ గెడిస్ దగ్గర. హార్బర్ వీధి, తొమ్మిదో నంబరు, నీలం తలుపు." టికెట్టూ లేదు, కాపలావాడూ లేడు. వెళ్ళి తలుపు తట్టాలి. జానెడు పొడుగున్న ఇనప తాళంచెవి చేతికిస్తారు. పైకెక్కి చూసి, తాళం వేసి, మళ్ళీ తెచ్చివ్వాలి. అరవై ఏళ్ళుగా ఇంతే, ఒక్కసారి కూడా తాళంచెవి పోలేదు.

మిసెస్ గెడిస్ అంటే ఇష్బెల్. డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు చేపలు పొగబెట్టే షెడ్డులో పని చేసింది. తాళంచెవి ముందు ఆవిడ అత్తగారి చేతిలో ఉండేది, ఆ తర్వాత ఈవిడ చేతికొచ్చింది. ఊళ్ళో సగంమందికి లాగే నాకూ ఆవిడ అత్త, చుట్టరికం ఏమీ లేకపోయినా. నేను ముంగోని. ఆ వీధి చివర మాంసం కొట్టు నాది. ముందే చెప్పేస్తున్నాను, యాత్రికులంటే నాకు పడదు. కొట్టు ముందు నిలబడి ఫోటో తీసుకుంటారు, ఒక్క సాసేజీ కొనకుండా పోతారు.

అత్త సంగతి వేరు. ఎవరు తలుపు తట్టినా వెంటనే తాళంచెవి ఇచ్చేయదు. లోపల కూర్చోబెట్టి, టీ పోసి, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని చేస్తారు, ఇంత దూరం ఈ రాళ్ళ కుప్ప చూడ్డానికెందుకొచ్చారు అని ఆరా తీస్తుంది. సాయంత్రం నా కొట్టుకొచ్చి, ముక్కు మొహం తెలియని ఆ మనుషుల కథలన్నీ నాకు అప్పజెబుతుంది.

"నిన్నొచ్చినాయన గడియారాలు బాగుచేస్తాడంట ముంగో. ఇంట్లో మాత్రం ఒక్క గడియారం కూడా పెట్టుకోడంట. ఎందుకంటావ్?"

"నాకెందుకత్తా?"

"నీకెందుకని కాదురా, ఆయనకెందుకో ఆలోచించు."

నేను ఆలోచించేవాణ్ణి కాదు. మాంసం తూచి ఇచ్చేవాణ్ణి.

బురుజు విషయంలో ఊరికి రెండు అలవాట్లున్నాయి. పైకెక్కినవాళ్ళు చెయ్యి ఊపుతారు, కింద ఎవరు చూసినా పని ఆపి తిరిగి ఊపుతారు. అలా ఊపకపోతే మర్యాద కాదు. రెండోది, చాలామంది తాళంచెవిని తలుపుకే వదిలేసి పోతుంటారు కాబట్టి, దారిన పోయేవాళ్ళకి అది కనిపిస్తే మెట్ల దగ్గర నిలబడి రెండుసార్లు గట్టిగా పిలవాలి. పలుకు లేకపోతే తాళం వేసి, తాళంచెవిని అత్త ఇంటి తలుపుకున్న ఉత్తరాల సందులోంచి లోపలికి జారవిడవాలి.

కిందటి ఏప్రిల్‌లో ఎడింబరో నుంచి అత్తకి ఒక ఉత్తరం వచ్చింది. పాత కట్టడాలు చూసుకునే ఆఫీసువాళ్ళది. బురుజుకి నంబర్ల తాళం పెట్టాలనుకుంటున్నారట. చూడాలనుకున్నవాళ్ళు ఫోన్ చేస్తే నంబరు చెబుతారట. మే నెల పదహారో తేదీ శుక్రవారం ఒక అధికారి వచ్చి చూసి తేలుస్తాడట.

"నీకూ వయసయింది కదత్తా, పీడా వదిలింది అనుకో," అన్నాను.

ఆవిడ ఉత్తరాన్ని మడిచి చేతిసంచీలో పెట్టుకుంది. "మా ఆయన వాటీ పోయి పదకొండేళ్ళయింది. అప్పట్నుంచి మా తలుపు తట్టింది ఎవరనుకున్నావ్? బురుజు చూడ్డానికొచ్చేవాళ్ళే. నువ్వెప్పుడైనా తట్టావా?" అంది.

నేను తట్టలేదు. కొట్టుకి ఆవిడే వస్తుంది కదా అనుకున్నాను. ఆ పూట నామీద నాకే చిరాకేసింది.

ఆ గురువారం, అంటే అధికారి రావలసిన రోజుకి ముందురోజు, పొద్దున్నే జల్లు పడింది. పదకొండింటికి యాభై ఏళ్ళ మనిషొకాయన తడిసిపోయి అత్త తలుపు తట్టాడు. కోటు విప్పించి పొయ్యి పక్కన ఆరేసింది. టీ, వెన్న రాసిన స్కోన్ రొట్టె పెట్టింది. ఎప్పటిలాగే అడిగింది. ఎక్కడ్నుంచంటే "దక్షిణాన్నుంచి" అన్నాడు. ఏం పనంటే "కాగితాల పని" అన్నాడు. దేనికొచ్చావంటే "ఊరికే, చూద్దామని" అన్నాడు. ఆవిడకి అస్సలు రుచించలేదు. వాన వెలవగానే, కోటు ఆరేలోపు చూసొస్తానని చొక్కా మీదే తాళంచెవి పట్టుకెళ్ళాడు. పన్నెండింటికి అత్త చర్చిలో పువ్వులు సర్దడానికి వెళ్ళిపోయింది. ఆయన తిరిగొచ్చి కోటు తీసుకోవడానికి వీధి తలుపు గడియ పెట్టకుండా వదిలేసింది.

పన్నెండున్నరకి నేను రేవు దగ్గరి హోటల్‌కి సాసేజీల బుట్ట పట్టుకెళ్తున్నాను. అప్పటికే ఆలస్యమైంది, వంటమనిషి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. బురుజు తలుపుకి తాళంచెవి వేలాడుతోంది. మళ్ళీ ఎవడో వదిలేసి పోయాడని తిట్టుకుంటూ లోపలికి తల పెట్టి "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాను. పలుకు లేదు. తాళం వేశాను. పోతూ పోతూ తాళంచెవిని అత్త తలుపు సందులోంచి లోపల పడేశాను.

రెండున్నరకి కొట్టులో లైబ్రరీలో పనిచేసే నెట్టా మాంసం కొట్టించుకుంటోంది. అత్త ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో ఒక మగవాళ్ళ కోటుంది. దాని జేబులో ఫోన్ మోగుతోంది.

"తాళంచెవి చాప మీద పడుంది. కోటేమో పొయ్యి దగ్గరే ఉంది. మనిషేడిరా?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "తాళం వేసింది నేనే అత్తా."

"రెండుసార్లు పిలిచావా?"

"ఒక్కసారి."

"ఒక్కసారా!"

"అయ్యయ్యో, పైనున్నాయనేనా?" అంది నెట్టా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని. "ఇందాకట్నుంచి తెగ ఊపుతున్నాడు! ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. నేనూ రెండు చేతులూ ఊపాను. బడి పిల్లల్నైతే టీచరు వరసగా నిలబెట్టి మరీ ఊపించింది."

నేను ఏప్రాను విప్పకుండానే బయటపడ్డాను. అత్త వెనకే వచ్చింది, ఆగమన్నా ఆగలేదు. ఆవిడ భయం ఒక్కటే. "రేపు ఆఫీసాయన వస్తాడు ముంగో. ఇది గనక ఆయన చెవిన పడిందా, తాళంచెవి పోయినట్టే."

"ఎవరు చెప్తారత్తా? ఈ మనిషిని నేను బతిమాలుకుంటాను. సాసేజీలిస్తాను."

తలుపు తీసేసరికి ఆయన కింది మెట్టు మీద చలికి ముడుచుకుని కూర్చున్నాడు. అరిచి అరిచి గొంతు పోయి గుసగుసే మిగిలింది.

"ఊరంతా నాకు చెయ్యూపింది. ఒక ముసలాయనైతే టోపీ తీసి మరీ ఊపాడు," అన్నాడు.

అత్త కోటు తీసి ఆయన భుజాల మీద కప్పింది, గుండీలు కూడా తనే పెట్టింది. నేను క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోపే అడిగేసింది. "పొద్దున్న దాటేశావు నాయనా. ఇప్పుడు చెప్పు, అసలెందుకొచ్చావు?"

"నా పేరు లోగన్. ఎడింబరో నుంచి. రేపు వస్తానని రాసింది నేనే. చెప్పకుండా వస్తే ఉన్నదున్నట్టు కనిపిస్తుందని ఒకరోజు ముందొచ్చాను."

"కనిపించిందా?" అంది అత్త.

"తప్పు నాదండీ," అన్నాను. "రెండుసార్లు పిలవాలి, తొందరలో ఒక్కసారే పిలిచాను. ఆవిడ ఇంట్లోనే లేదు. రాసుకుంటే నా పేరు రాసుకోండి."

"ఎవరు వేసినా ఒకటే. నంబర్ల తాళమైతే ఇలా జరిగేది కాదు," అన్నాడాయన.

అత్త గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది.

"నిజమే, జరిగేది కాదు. కానీ నువ్వు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నావనుకో. లోపలికెళ్ళినవాడు బయటికొచ్చాడా లేదా అని ఆ తాళం కనుక్కుంటుందా? నీ కోటు ఇంకా అక్కడే ఉందని పరిగెత్తుకొచ్చాను నేను. నా పని అంతే బాబూ, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారా అని చూడ్డం." అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. "ఇంకోటి కూడా చెప్తాను. అబద్ధమెందుకు, వాళ్ళు రాకపోతే నాకు పొద్దుపోదు. మనుషులంటే ఇష్టం నాకు. మీ ఆఫీసుకి అది లెక్కలోకి రాదని తెలుసు."

అత్త ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళి వేడివేడి సూప్ పోసింది. నేను మధ్యలో సాసేజీల పొట్లం పట్టుకుని వెళ్ళాను, ఆ తలుపు తట్టడం అదే మొదటిసారి. లోపల ఆయన గొంతు పోయినా సరే గుసగుసగా చెబుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దీపస్తంభంలో పని చేసేవాడట, ఎత్తులంటే ఈయనకి భయమట, అయినా ఉద్యోగం మొత్తం బురుజులు ఎక్కడమేనట. అత్త కళ్ళు మెరిసిపోతున్నాయి. అయిదింటి బస్సుకి ఆయన వెళ్ళిపోయాడు. ఏం రాస్తాడో ఒక్క మాట పైకి చెప్పలేదు.

మూడు వారాలు అత్త నా కొట్టుకొచ్చి ఎవరి కథా చెప్పలేదు. నేనే ఉండబట్టలేక రెండుసార్లు అడిగాను. "ఎవరొచ్చారత్తా నిన్న?" అంటే, "ఎవరో వచ్చారులే," అని ఊరుకుంది. అలా ఆవిణ్ణి చూస్తుంటే నాకు దిగులేసింది.

జూన్‌లో ఒక పొద్దున ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తాళంచెవి తొమ్మిదో నంబరులోనే ఉంచుతున్నామని రాశారు. పైన ఎవరైనా చిక్కుకుంటే మోగించడానికి బురుజు మీద ఒక గంట పెట్టిస్తారట. మిసెస్ గెడిస్ తర్వాత ఆ పని చూడబోయేవారి పేరు మాత్రం కింద రాసి పంపమన్నారు. అత్త అప్పటికే రాసేసింది. నా పేరు.

"నేనా? మనిషిని లోపల పెట్టి తాళం వేసినవాణ్ణి!"

"అందుకేరా. ఊళ్ళో ఇంకెవరైనా రెండుసార్లు పిలిచి ఊరుకుంటారు. నువ్వు ఇక చచ్చినా పైదాకా ఎక్కి చూడకుండా తాళం వెయ్యవు."

నేను చేతులు ఏప్రానుకి తుడుచుకుని, అత్త చాచిన తాళంచెవి అందుకున్నాను. ఆరోజు తొందరలో గమనించలేదు, ఇంత బరువుంటుందనుకోలేదు.

"సోమవారం నుంచి వారంరోజులు మా చెల్లెలింట్లో ఉంటాను. ఎవరొచ్చినా కూర్చోబెట్టి అడుగు," అంది.

"ఏమడగాలత్తా?"

"నీకేం తెలుసుకోవాలనిపిస్తే అది. ఏమీ అనిపించలేదా, ఆ తాళంచెవి ఎడింబరోకి పంపించెయ్. నంబర్ల తాళం పెట్టుకుంటారు."