కరెంటమ్మ చేతి వాచీ

ఆమెను ఇంట్లో అందరూ కరెంటమ్మ అనేవారు. ఒంట్లో ఏదో కరెంటు ఉందట, చేతికి వాచీ పెడితే ఆగిపోతుందట. కనిపెట్టింది వాళ్ల నాన్నే. పదిహేనో ఏట కీ ఇచ్చే వాచీ కొనిపెడితే ఆమె చేతి మీద మూడుసార్లు ఆగింది. తీసి అలమారలో పెడితే మర్నాటికి నిక్షేపంగా నడిచింది. ఇంకేం కావాలి? చుట్టాలు వచ్చినప్పుడల్లా నాన్న ఆ కథ చెప్పడం, వాళ్లు నోళ్లు వెళ్లబెట్టడం. ఆమెకూ లోపల కాస్త గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

పెద్దాసుపత్రిలో నర్సు ట్రైనింగుకు దరఖాస్తు తెచ్చుకున్న రోజున ఆ గర్వమే అడ్డం తిరిగింది. సెకన్ల ముల్లున్న వాచీ తప్పనిసరి అని అందులో ఉంది. వాచీ నిలవని చేత్తో నాడి ఎలా చూస్తావే అన్నాడు నాన్న. నిజమే కదా అనుకుని కాగితం మడిచేసింది. తర్వాత అదే ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో చేరి, ముప్పై ఏళ్లుగా నర్సులకు ఉతికిన దుప్పట్లు అందిస్తోంది.

మొన్న ఆ గదిలో గోడ గడియారం బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ఈ సంగతి విని పడీ పడీ నవ్వాడు. "మనిషి ఒంటికి వాచీ ఆగడమేంటక్కా? మళ్లీ ఎప్పుడైనా పెట్టుకుని చూశారా?" అన్నాడు. చూడలేదు. ముప్పై ఏడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట ఆమెను నిలవనివ్వలేదు.

మర్నాడే అతని దగ్గర పాత కీ వాచీ ఒకటి అడిగి తెచ్చుకుంది. రోజూ పొద్దున్నే కీ ఇమ్మని అతను చెప్పాడు. పెట్టుకున్నది మొదలు ఆమెకు కాలు ఒకచోట ఆగితే ఒట్టు. దుప్పటి మడిచి ఒకసారి, మెట్లెక్కి ఒకసారి చెవికి ఆనించుకుని వింది. దుప్పట్ల అరలో దిండు గలీబులు పెట్టి తిట్లు తింది. ఒకరోజు నడిచింది. రెండు, మూడు. ఆగిపోతే బాగుండునని కూడా ఓ క్షణం అనిపించింది. ఆగలేదు, దాని దుంపతెగ.

మరి అప్పుడెందుకు ఆగింది? కూతురు హాస్టల్లో ఉండి చదవడం ఇష్టంలేక నాన్నే కథ అల్లాడా? ఈ అనుమానం పుట్టాక తిండి సయించలేదు. నాలుగో రోజు డ్యూటీ దిగగానే, ఇవాళ అటో ఇటో తేల్చుకుందామని అన్నయ్య ఇంటికి వెళ్లింది. నాన్న కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు.

వాచీ తీసి ఆయన చేతిలో పెట్టి, మూడు రోజులుగా ఇది నా చేతికి నడుస్తోంది, అప్పుడేం జరిగిందో చెప్పమంది. ఆయన కంగారుపడలేదు. పాత కథే మళ్లీ ఎత్తుకున్నాడు. పిల్లలు స్ప్రింగు తెంపుతారని కీ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదట. తెల్లారగానే అలమారలో ఉన్న వాచీలన్నిటికీ, అమ్మదానికీ అన్నయ్యదానికీ, తనే ఇచ్చేవాడట. ఆయన చెబుతుంటే ఆమె ఆయన చేతుల వైపు చూసింది. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే వాచీకి కీ తిప్పుతున్నాయి. ఆయనకు ఆ ధ్యాసే లేదు.

అప్పుడు తట్టింది ఆమెకు. కొత్త వాచీ మురిపెంతో ఆమె నిద్రలో కూడా దాన్ని తీసేది కాదు. అలమారలో ఉన్నవాటికి కీ పడేది, ఆమె చేతికున్నదానికి పడేది కాదు. ఆగిందని తీసి అలమారలో పెడితే, మర్నాడు వాటితోపాటు దానికీ పడేది. అంతే, అంతకు మించి ఏమీ లేదు. పోట్లాడదామని వస్తే తిట్టడానికి మనిషి కూడా దొరకలేదని ఆమెకు ఏడుపొచ్చింది.

"నాన్నా, నేను పడుకునేటప్పుడు కూడా వాచీ తీసేదాన్ని కాదు. దానికి ఎవరూ కీ ఇవ్వలేదు," అంది.

ఆయన వేళ్లు ఆగిపోయాయి. వాటిని చూసుకున్నాడు. తర్వాత వాచీ ఆమెకు తిరిగిచ్చి, చొక్కా చెయ్యి పైకి లాక్కుని మణికట్టు ముందుకు చాపాడు.

"ఏదీ, చూడు తల్లీ," అన్నాడు.

నాడి ఎక్కడ పట్టుకోవాలో నర్సులను చూసి చూసి ఆమెకు ఎప్పుడో తెలుసు. మూడు వేళ్లు ఆనించింది. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"ఎంత?"

"తొంభై ఎనిమిది. ఊరికే కూర్చున్న మనిషికి ఇది ఎక్కువే నాన్నా," అంది, చెయ్యి వదలకుండా.