అట్టకోళ్ళ లెక్క

లెక్కలు పశువుల కొట్టంలోనే పుట్టాయని చదువుకున్నవాళ్ళు అంటూంటారు. గొర్రెకో గులకరాయి చొప్పున సంచిలో వేసుకుని, మంద తిరిగొచ్చాక ఒక్కో రాయీ తీసి అవతల పారేసేవాడట కాపరి. రాయి మిగిలిందంటే గొర్రె తగ్గినట్టు. ఆ గొర్రె ఏమైందో మాత్రం రాయి చెప్పదు.

అట్టకోళ్ళ టీచరమ్మకి ఈ గొడవేమీ తెలీదు. ఆవిడ పుట్టి పెరిగింది దర్జీ కొట్టు మీది ఒంటిగదిలో. పాలు సీసాలో చూడ్డమే గానీ పొదుగు దగ్గర చూసిన పాపాన పోలేదు. అయినా పాత కేలండర్ల అట్టలు కత్తిరించి చిన్న పశువులశాలే నిలబెట్టింది. నాలుగు ఆవులు, ఏడు బాతులు, కత్తెర జారి ఓ కాలు పోగొట్టుకున్న గాడిద, ఇరవై కోడిపిల్లలు. నాలుగైదేళ్ళ పిల్లలకి వాటితోనే అంకెలూ కూడికలూ. చెరువులో రెండు బాతులుంటే ఇంకో మూడు వచ్చి దిగేవి. ఆ అట్టలలోకంలో అన్నీ వచ్చేవే, పోయేదంటూ లేదు. తీసివేతలు పై తరగతి వాళ్ళ ఖర్మ.

బడి గోడకి ఆనుకునే ఉంది కోడిగుడ్లు పొదిగించే షెడ్డు. బడి పిల్లలంతా అందులో పనిచేసేవాళ్ళ పిల్లలే. పొద్దున పదింటికల్లా గోడ అవతల డ్రమ్ములోంచి కిచకిచలు మొదలయ్యేవి. ఆవిడ గొంతు పెంచి బాతులపాట ఎత్తుకునేది. పాట అయ్యేసరికి అవతల సద్దుమణిగేది.

తొమ్మిదేళ్ళుగా ఆవిడది తాత్కాలికపు ఉద్యోగం. వేసవిలో ఊడడం, బడి తెరిచాక మళ్ళీ అతకడం. "నీ ఉద్యోగం కన్నా మన తలుపు గొళ్ళెం నయమే, అప్పుడప్పుడైనా పడుతుంది" అని మంచాన పడ్డ మొగుడి ఎగతాళి. ఈసారి తనిఖీకి వచ్చే అధికారి పాఠం చూసి సరేనంటే పర్మనెంటు. కాదంటే ఇక పిలవరు.

ఆయన రానే వచ్చాడు. కుంటి గాడిదని చూసి నవ్వాడు కూడా. టీచరమ్మ ప్రాణం లేచొచ్చింది. తరగతిలో అందరికన్నా చురుకైనదాన్ని, పిచిక అని పిలుచుకునే ఆడపిల్లని, ముందుకు తోసింది.

ఆయన బల్లమీద ఆరు అట్టకోడిపిల్లల్ని పెట్టి, పక్కన నాలుగు చేర్చి, ఇవన్నీ ఇప్పుడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చాయి, ఎన్నయ్యాయో చెప్పమన్నాడు.

"అయిదండీ," అంది పిచిక.

సరిగ్గా చూసి చెప్పమన్నాడు. పిచిక సరిగ్గానే చూసింది. అయిదింటిని వేలితో బల్ల అంచుదాకా నెట్టి కింద పడేసింది.

"ఇవి పుంజులండీ. గుడ్లు పెట్టవు కదా. మా అమ్మ ఏరి డ్రమ్ములో వేసేస్తుంది. మిగిలేవి అయిదే."

ఆయన కలం ఆగింది. ఈ కూడిక ఎవరు నేర్పారని అడిగాడు.

పిల్ల చెప్పింది నిజమేనండీ, షెడ్డులో సగానికి సగం అలాగే పోతాయండీ. ఆ మాట టీచరమ్మ నోటిదాకా వచ్చింది. కలం వంక చూసింది.

"దానికి బుర్ర ఎదగలేదండీ. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మిగతావాళ్ళని అడగండి."

మిగతావాళ్ళు పిచిక ముఖం చూశారు, పది అని ఒక్కగొంతుతో అరిచారు. ఆయన టీచరమ్మ పేరుకెదురుగా 'సంతృప్తికరం' అనీ, పిచిక పేరుకెదురుగా 'చదువుకి తగదు' అనీ రాసుకున్నాడు. రెంటికీ ఒకటే సంతకం.

వారం తిరక్కుండా పిచిక పేరు కొట్టేశారు. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. జాకెట్టు చేతులకి పసుపుపచ్చ నూగు అంటుకుని ఉంది.

"మా పిల్లకి లెక్కలు రావన్నారంట కదమ్మా. నిన్న నా పక్కన కూచోబెట్టుకున్నాను. ఎన్ని ఏరానో, ఎన్ని ఉంచానో గుక్క తిప్పుకోకుండా చెప్పిందే."

"ఆ లెక్క వేరమ్మా," అంది టీచరమ్మ, బల్ల సర్దుకుంటూ.

పర్మనెంటు కాగితం వచ్చిన రోజున మొగుడు కొత్త ఎగతాళి ఏదీ దొరక్క గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు ఆవిడ బడికి వస్తూంటే షెడ్డు గేటులోంచి పిచిక కేకేసింది. తల్లి పక్కనే పీటమీద కూచుని ఉంది, ఒక చెయ్యి బుట్టలో, ఒక చెయ్యి డ్రమ్ము అంచున.

"టీచర్, నాకు వెయ్యిదాకా వచ్చేశాయి!"

ఆవిడ నేర్పింది ఇరవైదాకానే. ఏవి లెక్కపెడుతున్నావని అడగకుండా, బాగుందమ్మా అని నడక పెంచింది. అప్పటికే పది కావస్తోంది. పాట ఎత్తుకోవాలి.