ఎలీయాజరు గారి నాలుక

కైకలూరులో చెరువు నీళ్లు పరీక్ష చేసే లాబ్ నాది. పేరు లక్ష్మీదుర్గ. ఆస్తి ఒక మైక్రోస్కోపు, నాలుగు మీటర్లు, బోలెడంత కోపం. ఆ కోపంలో సగం ఎలీయాజరు గారి వాటా.

ఆయనది కాలువ చిట్టచివర, ఉప్పుటేరు పక్కన ఉన్న ఊరు. ఆ ఊరి మంచినీళ్ల చెరువుకి ముప్పయ్యేళ్లుగా తూము చూసేది ఆయనే. ఎండాకాలం కాలువలో నీళ్లు తగ్గితే, పోటు వేళ సముద్రపు నీళ్లు ఉప్పుటేరు మీదుగా కాలువలోకి ఎగదన్నుతాయి. ఆయన దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని, తియ్యగా ఉంటేనే తూము తీసేవారు. ఒక్కసారి ఉప్పునీళ్లు పడ్డాయా, వానలొచ్చేదాకా ఊరికి తాగడానికి చుక్క ఉండదు. "మీ మీటర్లెందుకమ్మా, నా నాలుకుండగా" అని నా మొహం మీదే అనేవారు. నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషి మూడేళ్ల కిందట వారానికి రెండుసార్లు సీసా పట్టుకుని రావడం మొదలెట్టారు. కాలువ నీళ్లలో సన్నటి పురుగులుంటాయి, చేపపిల్లలు తినేవి. గాజుగ్లాసులో పోసి ఎండకి ఎత్తితే నలకల్లా కదులుతాయి. వాటిని మైక్రోస్కోపులో చూపించమని నా ప్రాణం తీసేవారు.

"ఉప్పు తగిలితే ఇవి చస్తాయా అమ్మా?"

"చచ్చి అడుక్కి దిగిపోతాయి బాబాయ్‌గారూ. నాకు పనుందండీ, వెళ్లిరండి."

ఎందుకడుగుతున్నారో నేను అడగలేదు.

మొన్న మే నెలలో ఒక ఉదయం రొయ్యల చెరువు నీళ్లు గ్లాసులో పోసి బల్ల మీద పెట్టి, ఫోను మాట్లాడుతున్నాను. ఎలీయాజరు గారు ఎండనపడి వచ్చి ఆ గ్లాసెత్తి గటగటా తాగేశారు. నేను వద్దనేలోపే ఖాళీ చేసి మూతి తుడుచుకున్నారు.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా."

నోట్లో పెట్టగానే ఊసేయాల్సినంత ఉప్పునీళ్లవి. ఫోను పెట్టేశాను.

"తూము ఎలా ఉంది బాబాయ్‌గారూ?"

"తెల్లారగానే తీసి వచ్చానమ్మా."

ఆయన్ని స్కూటీ ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో నాలుకకి ఏమైందని అడిగితే, నా భుజం వెనకనుంచి చెప్పారు.

"మూడేళ్ల కిందట జ్వరంలో పోయిందమ్మా రుచి. మా ఆవిడ పుష్పమ్మకి కూడా చెప్పలేదు. చెబితే నన్నింకెవరు నమ్ముతారు? తూము చక్రం మీద చెయ్యేసిన ప్రతిసారీ భయమేనమ్మా. ఊరంతటి గొంతులో నేనే ఉప్పు పోస్తానేమోనని నిద్ర పట్టదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా తీస్తున్నారు?"

"గ్లాసు ఎండకి ఎత్తి చూస్తాను. పురుగు కదిలితే తీస్తాను."

"ఇవాళ కదిలాయా?"

"ఎప్పుడూ లేనన్ని కదిలాయమ్మా."

స్కూటీ వేగం పెంచాను.

తూము దగ్గర నీళ్లు ముంచి భూతద్దం పెట్టాను. గెంతుతూ తిరిగే మంచినీటి పురుగులు అడుగున తెల్లగా పడి ఉన్నాయి. పైన కిటకిటలాడుతున్నవి వేరే జాతి. వీపు మీద పొడుగాటి ముల్లున్న పీతపిల్లలు, సముద్రంలో పుట్టేవి, పోటుతో పాటు ఎక్కొచ్చాయి. ఉప్పుకి చచ్చేవాటి గురించి ఆయనకి చెప్పాను గానీ, ఉప్పుతో వచ్చేవి కూడా కదులుతాయని చెప్పలేదు. విసుగుతో పంపేశాను. నా నోరు పడిపోను!

ఇద్దరం కలిసి చక్రం తిప్పి తూము మూశాం. అప్పటికే చెరువు ముప్పావు వంతు నిండింది. ఉప్పు కొలిచే మీటరు ముంచితే అంకె పైకి పోతూనే ఉంది.

అవతల మెట్ల మీద ఆడవాళ్లు బిందెలతో దిగుతున్నారు. అందరికన్నా ముందు ఆయన భార్య పుష్పమ్మ. మేం పరుగెత్తి వెళ్లేసరికి ఆవిడ బిందె ముంచుకుని, దోసెడు నోట్లో పోసుకుని ఊసేసింది.

"ఏవండీ, ఉప్పగా ఉన్నాయేంటండీ?"

వెనక ఉన్నావిడ నవ్వింది. "ఎలీయాజరు గారు తీసిన నీళ్లకి ఉప్పేంటండీ, జరగండి" అంటూ బిందె ముంచబోయింది.

ఆయన మెట్లకి అడ్డంగా నీళ్లలోకి దిగి రెండు చేతులూ చాపారు. "ముంచకండమ్మా. నాకు ఉప్పూ తీపీ తెలియక మూడేళ్లయింది. ఇన్నాళ్లూ మీకు అబద్ధం చెప్పాను. ఇవి ఉప్పునీళ్లమ్మా, నేనే వదిలాను."

పుష్పమ్మ తన బిందె మెట్ల మీదే వంచేసి, ఆయన వంక చూసింది.

"మూడేళ్లలో ఒక్కనాడూ నా వంటకి వంక పెట్టలేదు. నచ్చి తింటున్నారనుకున్నానండీ" అంది.